‘మారుమనస్సు’లో ఉన్నది ఏ ‘మారు’?

అడిగినవారు: డిసెంబరు 31 రాత్రి మా సంఘంలో, కొత్త ఏడాది వచ్చేదాకా మేలుకుని చేసే వాచ్‌నైట్ ఆరాధన జరిగింది. (పన్నెండెప్పుడవుతుందా అని అందరూ వాచీ చూసుకుంటారు కాబట్టి ఆ పేరొచ్చిందని చిన్నప్పుడు నా నమ్మకం.) పాస్టరుగారు బైబిల్లోని ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం నుంచి సార్దీస్ సంఘానికి రాసిన మాటలు చదివారు. ‘మారుమనస్సు పొందుము’ అనగానే, చాప మీద కునికిపాట్లు పడుతున్న మా మనవడు లేచి నా చెవిలో అడిగాడు: “తాతయ్యా, మారువేషం వేస్తే లోపలి మనిషి మారడు కదా! మరి మారుమనస్సులో?” ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, సమాసం దగ్గర చేతులెత్తేశాను. తెలిసినవారు చెప్పండి.

తెలుగు అధ్యాపకురాలు: మాస్టారూ, మీ మనవడి చెవి చురుకైనది. మారువేషం, మారుపేరు, మారుతాళం: వీటన్నిటిలో అసలుదానికి బదులు మరొకటి అని అర్థం. మారుమనస్సూ ఆ కోవలోదే, ఉన్న మనసు చోట మరో మనసు. కాకపోతే వేషం పైన తొడుక్కునేది, మనసు అలా తొడుక్కునేది కాదు. తేడా అంతా రెండో పదంలో ఉంది. కొత్త నిబంధన మూలంలో ఉన్న గ్రీకు మాట ‘మెటనోయా’కు ఇది చాలా దగ్గరి మాట. మలయాళం బైబిల్లో ‘మానసాంతరం’ అంటారు, మన రూపాంతరంలోని అంతరమే. తమిళులు ‘మనం తిరుంబు’ అన్నారు, అంటే మనసు మళ్లడం.

మరో సభ్యుడు: ఇంత చుట్టు ఎందుకండీ? పశ్చాత్తాపం అంటే సరిపోదా?

అధ్యాపకురాలు: సరిపోదు. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే మంట. చేసిన పని తరువాత కాల్చే మంట అది. మత్తయి 27వ అధ్యాయంలో యేసును పట్టిచ్చిన యూదా ‘పశ్చాత్తాపపడి’ ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. గ్రీకులోనూ అక్కడ మెటనోయా లేదు, వేరే క్రియ ఉంది. మంట నిజమే, కానీ అతను వెళ్లి ఉరి వేసుకున్నాడు. యోనా గ్రంథంలోనైతే నీనెవె విషయంలో దేవుడే ‘పశ్చాత్తప్తుడై’ కీడు చేయక మానుకున్నాడు. ఆయనకు మారుమనస్సు అనే మాట వాడితే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూడండి. పాత అనువాదకులు పదాలు తూచి వేశారు.

చరిత్ర ఇష్టపడే సభ్యుడు: సార్దీస్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఇప్పటి తుర్కియేలో ఉన్న ఆ ఊరి కోట నిట్టనిలువు కొండ మీద ఉండేది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో పారశీక రాజు కోరెషు (సైరస్) ముట్టడించినప్పుడు, ఒక కాపలా సైనికుడి శిరస్త్రాణం దొర్లి కిందపడింది. అతను కొండ దిగి దాన్ని తీసుకుని, వచ్చిన దారినే పైకి వెళ్లాడు. కింద ఒక శత్రు సైనికుడు అదంతా చూశాడు. ఇటువైపు ఎవరు ఎక్కుతారులే అని కాపలా పెట్టని చోటు అది. అక్కడినుంచే కోట పోయిందని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. మూడు శతాబ్దాలు దాటాక రాజు మూడో అంతియొకస్ కాలంలో మళ్లీ అదే కథ. ఆ ఊరివాళ్లకు ఆ లేఖలోని ‘జాగరూకుడవై’ అన్న మాట చెవిలో సూది గుచ్చినట్టే ఉండేది.

అధ్యాపకురాలు: జాగరూకత, శివరాత్రి జాగరణ, మనం బస్సెక్కించి చెప్పే జాగ్రత్త, అన్నీ జాగృ ధాతువు పిల్లలే. ‘జాగ్రత్త’ అంటే అసలు అర్థం మేలుకుని ఉండటం. బుద్ధి కూడా బుధ్ ధాతువు నుంచి వచ్చింది, దానికీ మేలుకోవడమని అర్థం. లూకా 15లో పందులు మేపే చిన్నకొడుకు ‘బుద్ధి వచ్చినప్పుడు’ తండ్రిని తలచుకుంటాడు. మారుమనస్సు, మెలకువ ఆ ఒక్క తెలుగు పలుకుబడిలో కలిసిపోయాయి.

నాకు పేచీ ‘మారు’తో కాదు, ‘పొందు’తో. బాప్తిస్మం పొందాను, రక్షణ పొందాను, మారుమనస్సు పొందాను అంటుంటే డిగ్రీ పొందినట్టు ఒకసారి అందుకుని బీరువాలో దాచుకునే వస్తువైపోయింది. సార్దీస్‌కు ఆ మాట రాసింది కొత్తగా వచ్చినవారికి కాదు, ‘జీవించుచున్నావన్న పేరు’ ఉన్న సంఘానికి. అపొస్తలుల కార్యములు మూడో అధ్యాయంలో ‘మారుమనస్సు నొంది తిరుగుడి’ అని ఉంది. ఆ ‘తిరుగుడి’ని మనం వదిలేశాం. ప్రసంగాల్లో అది ఎంత అరుదో గమనించండి.

మరో సభ్యుడు: తిరుగుడి అంటే మా ఊళ్లో బలాదూరుగా తిరగమని అర్థమవుతుందేమోనండీ!

అధ్యాపకురాలు: అయితే ‘తట్టు’ కలపండి. యోవేలు ‘యెహోవాతట్టు తిరుగుడి’ అన్నాడు. ఎటువైపో చెబితే బలాదూరు కాదు.

అడిగినవారు: చాలా సంతోషం అమ్మా. మనవడికి వివరిద్దామని నా బైబిలు తెరిచాను. మొదటి పేజీలో ‘మారుమనస్సు పొందిన తేదీ’ అని నా చేతిరాతే ఉంది, నీలం సిరాతో, 1978. వాడు ఆ పేజీ తిప్పి, వెనక చూసి, మళ్లీ ముందుకొచ్చి, “తరవాతవి ఎక్కడ రాశావు తాతయ్యా?” అన్నాడు.