అప్‌డేట్: తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల గురించి అడిగాను కదా

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇల్లు దొరకడానికి, దొరికింది పోకుండా ఉండడానికి సిటీ ఏం చేయగలదు అని మొన్న అడిగింది నేనే. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. కొత్త ఇళ్లు కడితే చాలు అనుకున్నా, కానీ ఉన్న ఇల్లు పోకుండా చూడడమే ముందు పని అని ఒకరు అన్నారు చూడండి, అది బుర్రలో తిరుగుతూనే ఉంది. నిజమే, ఒక నెల జీతం ఆగితేనో జబ్బు చేస్తేనో అద్దె బాకీ పడి, కోర్టు నోటీసొచ్చి, ఓనర్‌కి లాయర్ ఉండి వీళ్లకి ఎవరూ లేక సామాన్లు సర్దేసుకుంటారు, ఆ కేసు రికార్డు చూసి ఇంకెవరూ ఇల్లివ్వరు. అందుకే న్యూయార్క్ సిటీ 2017లో ఇలాంటి కేసుల్లో తక్కువ ఆదాయం ఉన్న అద్దెవాళ్లకి ఫ్రీగా లాయర్ని ఇచ్చేలా చట్టం చేసింది. ఇదీ, ఇబ్బందిలో ఒకటి రెండు నెలల అద్దె సాయమూ అయితే త్వరగానే మొదలెట్టొచ్చు. ఆస్ట్రియా రాజధాని వియన్నా లాగా (అక్కడ దాదాపు సగం మంది సిటీ ఇళ్లలోనో సబ్సిడీ ఇళ్లలోనో ఉంటారు) కావాలంటే మాత్రం ఓపిక పట్టాలి, వాళ్లు 1920ల నుంచీ కడుతున్నారు మరి. అద్దె వోచర్ల (బయట అద్దెకున్న ఇంటికి అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) మీద నా డౌట్ ఇంకా అలాగే ఉంది, ఖాళీ ఇళ్లే లేనప్పుడు వోచర్ చేత్తో పట్టుకుని తిరగడమే కదా?