తయారైన కార్లు యార్డుల్లోనే ఆగిపోతుంటే తప్పు ఫ్యాక్టరీదా, రవాణాదా?

కృష్ణాతీరం:
ఖాళీ స్థలంలో వేల ఎలక్ట్రిక్ కార్లు వరసగా నిలబడ్డ డ్రోన్ ఫొటో బయటికి రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. "కొనేవాడు లేడు" అని కొందరు, "లారీలు దొరకడం లేదు, అంతే" అని ఇంకొందరు. 2018లో టెస్లా మోడల్ 3 కారు తయారీ పెరిగినప్పుడూ ఇదే గొడవ, 2024లోనూ ఇదే. నా మట్టుకు నేను ఒకటే అంటాను: పంపగలిగినన్నే తయారు చేయాలి. కొత్త కారు వారాల తరబడి ఎండలో నిలబడిందంటే ఫ్యాక్టరీ తొందరపడినట్టే. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

ఫ్రీమాంట్ వాసి:
లెక్కతోనే చెబుతానండీ. 2018 జూన్ ఆఖరి వారంలో కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ టెస్లా ఫ్యాక్టరీ 5,000 మోడల్ 3లు తీసింది. గేటు దాటిన కారు కొన్నవాళ్ల చేతికి రావడానికి రెండు వారాలు వేసుకోండి. ఎవరి తప్పూ లేకపోయినా, ఏ రోజు చూసినా పదివేల కార్లు దారిలోనో యార్డులోనో ఉండి తీరతాయి. ఆ త్రైమాసికం ముగిసేనాటికి దారిలో ఉన్న మోడల్ 3లు 11,166 అని కంపెనీయే ప్రకటించింది. పారే కాలువలో నీళ్లు కనిపిస్తే నిలవ నీళ్లు అనం కదా.

ఇంకోటి. అమెరికాలో మిగతా కంపెనీలకు డీలర్ల దగ్గర రెండు నెలల సరుకు ఉండటం మామూలే. ఊరూరా చెదిరి ఉంటుంది కాబట్టి ఎవరూ ఫొటో తీయరు. టెస్లాకు డీలర్లు లేరు. అందుకే కాలిఫోర్నియాలోని లాత్రోప్ లాంటి చోట్ల అంతా కుప్పగా కంటపడింది.

నైట్‌షిఫ్ట్ డిస్పాచర్:
అన్నా, రెండు వారాలు అని తేలిగ్గా అనేశారు. ఆ ఏడాది నేను మాదాపూర్‌లో కూర్చుని అమెరికా ట్రక్కులకు లోడ్లు చూసేవాణ్ని. కార్లు మోసే ట్రెయిలర్‌లో ఎనిమిది, మహా అయితే తొమ్మిది పడతాయి. వారానికి 5,000 కార్లంటే దాదాపు 600 ట్రిప్పులు. ఫ్రీమాంట్ నుంచి తూర్పు తీరంలోని న్యూజెర్సీ 4,600 కిలోమీటర్ల పైమాటే. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు కాబట్టి ఒక్క డ్రైవర్‌కు ఐదారు రోజులు పడుతుంది. అంతకుముందు నడిపిన గంటల్ని కాగితం లాగ్‌బుక్కులో కాస్త అటూ ఇటూ రాసుకునేవాళ్లు. 2017 డిసెంబర్ నుంచి ఆ గంటల్ని యంత్రమే రాసే ఎలక్ట్రానిక్ లాగింగ్ తప్పనిసరైంది, ఆ వెసులుబాటు పోయింది. దానికితోడు బరువు. లోడుతో కలిపి బండి 36 టన్నులు దాటకూడదు. బ్యాటరీ బరువు వల్ల టెస్లా పెద్ద కారు మోడల్ ఎక్స్ లాంటివి ఒక్కోటి దాదాపు రెండున్నర టన్నులు తూగుతాయి, ట్రెయిలర్‌లో చోటున్నా ఎక్కించలేం.

ఎక్కించడం కూడా చిన్న పని కాదు. క్యాబిన్ నెత్తిమీదుండే ర్యాకులోకి ఒక కారు వెళ్లాలి. ఆ పక్కా ఈ పక్కా బెత్తెడు ఖాళీ ఉంటుందంతే. చక్రాలకు పట్టీలు బిగించి, ప్రతి కారుకూ నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఎక్కడైనా గీత కనిపిస్తే కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి. అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి "ఇంకా మూడు కార్లున్నాయి, నా గంటలు అయిపోతున్నాయి" అనే డ్రైవర్ గొంతు ఇప్పటికీ గుర్తే. మూడు నెలలకోసారి ఎగబడే పని కోసం ఏ ఓనరూ కొత్త ట్రెయిలర్ కొనడు. మిగతా రోజులు వాయిదాలు ఎవరు కడతారు?

కృష్ణాతీరం:
మూడు నెలలకోసారి ఎగబడేలా చేసింది ఎవరు మరి? తప్పు మళ్లీ కంపెనీ దగ్గరికే వచ్చింది.

ఫ్రీమాంట్ వాసి:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. త్రైమాసికం మొదట్లో దూరానికి పోయే కార్లు, చివర్లో దగ్గరివాళ్ల కార్లు తయారుచేసేవారు. అన్నీ ఆఖరి రోజుల్లోనే గమ్యం చేరేవి. 2019 మొదటి మూడు నెలల్లో మార్చి 21 నాటికి సగమే ఇచ్చారు, మిగతా సగం పది రోజుల్లో. యూరప్‌కూ చైనాకూ ఓడల్లో పంపడం కొత్తగా మొదలైందప్పుడే. ఈ అలను చదును చేస్తే సగం తలనొప్పి పోతుంది. తయారీ తగ్గించడం కాదు, పంపకం సమం చేయడం కావాలి.

2018 సెప్టెంబర్‌లో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఉత్పత్తి నరకం దాటి డెలివరీ నరకంలో పడ్డామన్నాడు. టెస్లా కారున్న ఓనర్లే వచ్చి కార్లు అప్పగించడంలో సాయం చేశారు. ఆ ఆఖరి శనివారం నేనూ వెళ్లాను. ట్రక్కులు దించిన కార్లు బోలెడున్నాయి, అప్పగించే మనిషి లేడు! ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పెద్దాయన "స్టార్ట్ బటన్ ఏది బాబూ?" అని అడిగారు. లేదని చెప్పి, ఫోనే తాళమని చూపించి, చార్జింగ్ మూత తెరిచి పెట్టేసరికి అరగంట. తర్వాత వాళ్లావిడ సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టారు. తొలి కారు, ఎలా తొందరపెడతాం? ఒక్కో కారుకు ముప్పావు గంట. మీరు లారీలు లెక్కపెడుతున్నారు గానీ, నా కళ్లతో చూసిన అడ్డంకి ఆ ముప్పావు గంటే.

నైట్‌షిఫ్ట్ డిస్పాచర్:
అది కాలిఫోర్నియాలో మాట అన్నా. తూర్పు తీరానికి లారీయే సమస్య. ఆ ఏడాది డిసెంబర్ 31 దాటితే టెస్లా కొన్నవాళ్లకొచ్చే పన్ను రాయితీ 7,500 డాలర్ల నుంచి 3,750కి పడిపోయేది. గడువు అందుకోవడానికి రైలు పక్కనపెట్టి, ట్రక్కులు నడిపే కంపెనీలనే కొన్నామని మస్క్ ప్రకటించాడు. గడువు లేకపోతే రైలు చాలు.

నాలుగు నెలల కారు:
మీరంతా కంపెనీ బాధలు మాట్లాడుతున్నారు, కారు సంగతేంటి? నేను కొన్న కంపెనీ పేరు రాయను. కొత్తదనే ఇచ్చారు. డోర్ తెరిస్తే స్టిక్కర్ మీద తయారీ నెల ఉంటుంది, చూస్తే నాలుగు నెలల కిందటిది. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ రెండో వారంలో చచ్చిపోయింది. టైర్లు ఒకే చోట నిలబడి చదునైపోయాయేమో, హైవే మీద కొన్నాళ్లు దడదడ. యార్డులో మధ్యమధ్య చార్జింగ్ పెట్టారా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

పెట్రోలు కారును నిలబెట్టడం వేరు. లిథియం బ్యాటరీని నిండుగా నింపి ఎండలో వదిలితే త్వరగా ముసలిదవుతుంది, పూర్తిగా ఖాళీ అయిపోతే పాడవుతుంది. సగం దగ్గర ఉంచి, అప్పుడప్పుడూ చూడాలి. అంటే యార్డుకు కరెంటు కావాలి, మనిషి కావాలి. నేల అద్దెకు తీసుకుంటే చాలదు.

కృష్ణాతీరం:
నేను ఆ మాటే అంటున్నది. సరే, 2024 సంగతి చెప్పండి ఫ్రీమాంట్ గారూ. జనవరి-మార్చిలో టెస్లా తయారుచేసింది 4,33,371, ఇచ్చింది 3,86,810. ఒక్క త్రైమాసికంలో 46,561 మిగిలాయి. ఇదీ కాలువేనా?

ఫ్రీమాంట్ వాసి:
కాదు. ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, నిజమే. అయినా అంత తేడాకు అది చాలదు. 2023 చివర్లో 15 రోజుల అమ్మకాలకు సరిపడా నిల్వ ఉంటే ఆ మార్చికి 28 రోజులైంది. రవాణా ఇబ్బందే అయితే ధరల మీద ధరలు తగ్గించాల్సిన పని ఉండదు. ఆ ఫొటోల విషయంలో మీదే నిజం. 2018 ఫొటోల విషయంలో మాత్రం నా మాట మార్చను: ఆ ఏడాది జూలై-సెప్టెంబర్‌లో 80,142 తీసి 83,500 ఇచ్చారు. అడిగేవాళ్లు లేకపోతే తీసినవాటికంటే ఎక్కువ ఎలా ఇస్తారు?

కృష్ణాతీరం:
2018 వరకు ఒప్పుకున్నాను. ఫొటో చూసి కాదు, నిల్వ రోజులు చూసి మాట్లాడతాను ఇకమీదట. కానీ యార్డులో ఎన్ని రోజులుందో, ఎన్నిసార్లు చార్జ్ చేశారో కాగితం మీద రాసి కొన్నవాడికి ఇవ్వాలి. దీనికి ఎవరైనా అడ్డు చెబుతారా?

నైట్‌షిఫ్ట్ డిస్పాచర్:
ట్రక్కు ఎక్కేటప్పుడు గీతలకు కాగితం రాస్తున్నాం కదా, అందులోనే చార్జింగ్ శాతానికి ఒక గడి పెడితే సరిపోతుంది. నిమిషం కూడా పట్టదు.

నాలుగు నెలల కారు:
ఆ గడి వచ్చేదాకా సంతకం పెట్టే ముందు డోర్ స్టిక్కర్ చూడండి. నేను ఇంటికొచ్చాక చూశాను.