ఇంట్లో కాల్చే హాట్ డాగ్‌కు మసాలా బాగా పట్టాలంటే ఏం చేయాలి?

కృష్ణలంక ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. వచ్చే నెల మా అబ్బాయి పుట్టినరోజుకు డాబా మీద బొగ్గుల పొయ్యి పెట్టి పిల్లలకు హాట్ డాగ్‌లు, అంటే బన్నులో పెట్టిన సాసేజ్‌లు, కాల్చి పెట్టాలని అనుకుంటున్నాను. పన్నెండు మంది పిల్లలు వస్తారు. ముందుగా ఒకసారి చేసి చూసుకుందామని గత ఆదివారం ప్రయత్నించాను కానీ రుచి ఏమాత్రం కుదరలేదు.

చికెన్ సాసేజ్‌ల ప్యాకెట్ తెచ్చి, కోడి ముక్కలకు పట్టించినట్టే పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, కారం, పసుపు, ఒకటిన్నర చెంచా ఉప్పు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. మెత్తబడుతుందన్న ఆశతో కొద్దిగా పచ్చి బొప్పాయి గుజ్జు కూడా వేశాను. తెల్లారేసరికి సాసేజ్ పైభాగం జిగురుగా తయారై, వేలితో రాస్తే తడిసిన పిండిలా ఊడి వచ్చింది. నిప్పుల మీద పెట్టగానే పెరుగు కారిపోయి జాలీకి అంటుకుంది, మసాలా మాడి నల్లబడింది. కొరికితే పైన పులుపూ ఉప్పూ నాలుకను పట్టేశాయి, లోపల మాత్రం ప్యాకెట్ విప్పినప్పుడు ఉన్న చప్పదనమే మిగిలింది.

రాత్రంతా నానినా మసాలా లోపలికి ఎందుకు పట్టలేదు? ఏ పాళ్లలో కలపాలి, ఎంతసేపు ఉంచాలి? తినేది పిల్లలు కనుక కారం ఎక్కువ ఉండకూడదు, కానీ రంగూ రుచీ బాగా ఉండాలి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కుంపటి సెగ:

అమ్మా, మీరు చేసిన పని కోడి ముక్కకైతే సరిగ్గా సరిపోయేది. సాసేజ్ సంగతి వేరు. మాంసాన్ని కొవ్వుతో, ఐసుతో, ఉప్పుతో కలిపి ముద్దలా రుబ్బి, గొట్టంలా పోసి, చాలావరకు ఉడికించిన తరువాతే దాన్ని ప్యాకెట్‌లో పెడతారు. అందులో మెత్తబరచడానికి నార లేదు. ఆ రుబ్బిన ముద్దను పట్టి నిలిపేది ఉడికి గట్టిపడిన మాంసకృత్తుల అల్లిక ఒక్కటే. పచ్చి బొప్పాయి పాలలోని పదార్థం సరిగ్గా ఆ అల్లికనే విడగొడుతుంది కాబట్టి మీ సాసేజ్ పైభాగం పిండిలా ఊడింది. బొప్పాయిని, పెరుగును ఈ వంటకు పూర్తిగా మానేయండి.

ఇక లోపలికి పట్టకపోవడం గురించి చెబుతాను. మామూలు మాంసంలో కూడా వెల్లుల్లి, మిరియం వంటి వాటి రుచి రాత్రంతా నానినా పైపైన కొన్ని మిల్లీమీటర్లు దాటదు. లోతుగా వెళ్లేది ముఖ్యంగా ఉప్పు, అది సాసేజ్‌లో ముందే ఉంది. పైగా ఉడికినప్పుడే దాని చుట్టూ పలుచని పొర ఒకటి కట్టి ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఎక్కువసేపు నానబెట్టడం కన్నా మసాలా తగిలే చోటును పెంచడం ముఖ్యం. చేపల వేపుడుకు మనం గాట్లు పెడతామే, అదే పని ఇక్కడా చేయాలి.

సాసేజ్‌ను నిలువునా ఒక పుల్లకు గుచ్చి, చాకును కొంచెం ఏటవాలుగా పెట్టి, పుల్లకు తగిలేదాకా దించి, చాకును కదపకుండా సాసేజ్‌ను మెల్లగా తిప్పుతూ పోతే ఒక చివర నుంచి మరో చివరదాకా మరచుట్టులా గాటు పడుతుంది. పుల్ల లాగేసి రెండు చివరలూ పట్టుకుని కొద్దిగా సాగదీస్తే స్ప్రింగులా విచ్చుకుంటుంది. మసాలా ఆ సందుల్లోకి దిగుతుంది, కాలేటప్పుడు ప్రతి అంచూ కరకరలాడుతుంది, లోపలి ఆవిరికి దారి దొరుకుతుంది కనుక సాసేజ్ పగలదు. చెయ్యి తిరగకపోతే రెండు వైపులా అడ్డంగా అరసెంటీమీటరు లోతు గాట్లు పెట్టినా చాలు.

8 సాసేజ్‌లకు నేను వాడే పాళ్లు ఇవి. రెండు పెద్ద చెంచాల నూనెను గోరువెచ్చగా కాచి దించి, అందులో ఒక చెంచా మిరప్పొడి, అర చెంచా మిరియాల పొడి, దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. మిరప రంగు, ఘాటు నీళ్లలో దిగవు, నూనెలోనే దిగుతాయి. నూనె ఎర్రగా, పారదర్శకంగా మారిన తరువాత ఒక పెద్ద చెంచా సోయా సాస్, ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపండి. విడిగా ఉప్పు వేయవద్దు, ఎందుకంటే ఆ ఒక్క చెంచా సోయా సాస్‌లోనే సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, సాసేజ్‌లో ఉన్నది దానికి అదనం. గాట్లు పెట్టిన సాసేజ్‌లను ఇందులో దొర్లించి ఫ్రిజ్‌లో ఒక గంట, వీలైతే రెండు గంటలు ఉంచండి. నాలుగు గంటలు దాటితే రుచి పెరగదు, పులుపుకు పైపొర గరుకెక్కుతుంది.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. కాల్చే ముందు సాసేజ్‌ను మసాలాలోంచి తీసి విదిలించి, పైన కారుతున్న తడిని అద్దేయాలి. పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, గోధుమరంగు తిరిగి కమ్మటి కాల్చిన వాసన రావాలంటే అది సుమారు 140 దాటాలి. తడితో పెడితే ముందు ఉడుకుతుంది, ఆ తరువాత ఒక్కసారిగా మాడుతుంది. మీకు జరిగింది అదే.

తీపి కావాలనుకుంటే బెల్లాన్ని మసాలాలో కలపవద్దు. ఒక చెంచా బెల్లం తురుమును మిగిలిన మసాలాలో వేసి గిన్నెలో రెండు నిమిషాలు మరిగించి పక్కన పెట్టుకుని, దించబోయే చివరి నిమిషంలో బ్రష్‌తో పూయండి. మొదటినుంచీ పూస్తే నిప్పుల వేడికి బెల్లం మాడి చేదెక్కుతుంది.

కృష్ణలంక ఆడపడుచు:

ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలండీ. బొప్పాయి విషయం చదివాక నా తప్పు అర్థమైంది. మరో రెండు సందేహాలు. గడ్డకట్టిన సాసేజ్‌లకే గాట్లు పెట్టవచ్చా? ఆ రోజు వాన పడితే బొగ్గుల పొయ్యిని బాల్కనీలోకి మార్చుకోవచ్చా?

కుంపటి సెగ:

గడ్డకట్టిన వాటిమీద చాకు జారుతుంది, వేళ్లు తెగుతాయి. ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయట గట్టు మీద గంటల తరబడి వదిలి కరిగించవద్దు, పిల్లలు తినేదానిలో ఆ జాగ్రత్త తప్పనిసరి. అలాగే మసాలా పట్టించిన గిన్నెలో కాల్చినవాటిని తిరిగి వేయకండి.

బాల్కనీలో బొగ్గులు మాత్రం దయచేసి వద్దు. మూడు వైపులా మూసిన బాల్కనీలో, ముఖ్యంగా అద్దాలు బిగించినచోట, బొగ్గులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు కనుక తెలిసేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు. వాన పడితే గీతలున్న ఇనుప పెనాన్ని గ్యాస్ మీద బాగా కాల్చి, దానిపై కాల్చుకోండి. బొగ్గుల రుచిలో ముప్పాతిక వంతు వస్తుంది.

డాబా మీదే కుదిరితే మంట పూర్తిగా తగ్గి, నిప్పులపైన తెల్లని బూడిద పొర కట్టేదాకా ఆగండి. జాలీకి జానెడు ఎత్తున అరచేయి ఉంచితే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలగాలి, అదే సరైన సెగ. అక్కడ ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పట్టకారుతో తిప్పుతూ కాల్చండి. ప్యాకెట్‌వి కాకుండా మాంసం దుకాణంలో అప్పటికప్పుడు చేసిన పచ్చి సాసేజ్‌లు తెచ్చినట్టయితే లెక్క మారుతుంది. వాటిని సెగ తగ్గించి ఎక్కువసేపు కాల్చి, మధ్యభాగం 74 డిగ్రీలకు చేరిందని చూసుకున్నాకే పిల్లలకు పెట్టాలి.

ఫ్రేజర్ టౌన్ తెలుగువాడు:

పైన చెప్పిన పద్ధతితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బెంగళూరులో ఉన్నందుకు మనకు దొరికే రెండు వస్తువులను మాత్రం దానికి చేర్చాలని నా కోరిక.

మొదటిది బ్యాడిగ మిర్చి. మీరు ఇంటినుంచి తెచ్చుకున్న గుంటూరు కారం వేస్తే రంగు రాకముందే పిల్లల కళ్లలో నీళ్లు వస్తాయి. హావేరి జిల్లా బ్యాడిగ మిరపకాయ ముడతలు పడి, ముదురెరుపుగా, ఘాటు తక్కువగా ఉంటుంది. ఆ పొడి ఒక చెంచాకు బదులు రెండు చెంచాలు వేసినా పిల్లలు తినగలరు, వెచ్చని నూనెలో దాని రంగు కుంకుమలా దిగుతుంది.

రెండవది కొడగువారి కాచంపులి. అక్కడి అడవుల్లో కాసే ఒక పులుపు పండు రసాన్ని చిక్కబడేదాకా మరిగించి చేస్తారు. తారులా నల్లగా, చిక్కగా ఉండే ఆ రసాన్ని వారు పంది కూరలో వేస్తారు. కొడగు సరుకులు అమ్మే దుకాణాల్లో చిన్న సీసాల్లో దొరుకుతుంది. ఒక పెద్ద చెంచా వెనిగర్‌కు బదులు అర చెంచా కాచంపులి చాలు, అంతకు మించితే పులుపు మింగేస్తుంది. వెనిగర్ పులుపు ముక్కుకు కొట్టి వెంటనే పోతుంది, కాచంపులి పులుపు మాత్రం పొగ వాసనతో కలిసి నాలుక మీద నిలుస్తుంది. నేను రెండూ పక్కపక్కన పెట్టి కాల్చి చూశాకే వెనిగర్ మానేశాను.

బన్ను గురించి ఎవరూ చెప్పలేదు. పొడుగు బన్నులు దొరకలేదని వెతుక్కోకండి. అయ్యంగార్ బేకరీలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి చేసే ఖారా బన్ను తెచ్చి, మధ్యకు చీరి, లోపలివైపు వెన్న రాసి నిప్పుల మీద అర నిమిషం ఉంచండి. బన్ను గుండ్రంగా ఉంటుంది కనుక సాసేజ్‌ను సగానికి కోసి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాలి.

కొత్తగా చేరిన సభ్యురాలు:

నేను కాల్చే ముందు సాసేజ్‌లను నీళ్లలో పది నిమిషాలు ఉడికిస్తాను. అలా చేస్తే లోపల పచ్చిదనం ఉంటుందన్న భయం ఉండదు. అది మంచి పద్ధతి కాదా?

కుంపటి సెగ:

పచ్చి సాసేజ్‌లకైతే మీ పద్ధతి మంచిదేనండి, కాకపోతే నీళ్లు తెర్లకుండా సన్నని సెగ మీద ఉంచాలి. ముందే ఉడికిన వాటికి మాత్రం నష్టమే, వాటిలోని ఉప్పూ మసాలా నీళ్లలోకి దిగిపోతాయి. ఉడికించాక ఆ నీళ్లను ఒకసారి రుచి చూడండి, పోయినదంతా అందులోనే కనిపిస్తుంది.

ఆవపిండి:

నేను చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటాను. ఇక్కడి చర్చ అంతా సాసేజ్‌కు పట్టించే మసాలా చుట్టూనే తిరిగింది కనుక, రుచిలో మిగతా సగం గురించి కొంచెం చెబుతాను. అమెరికాలో ఈ సాసేజ్‌ను ఇప్పటికీ ఫ్రాంక్‌ఫర్టర్ అని, వీనర్ అని ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా నగరాల పేర్లతో పిలుస్తారు. అక్కడ చాలా చోట్ల దాన్ని ఏ మసాలాలోనూ నానబెట్టరు. షికాగోలో బన్ను మీద ఆవ ముద్ద, తరిగిన ఉల్లిపాయ, టమాటా ముక్కలు, దోస ఊరగాయ, వెనిగర్‌లో ఊరిన చిన్న మిరపకాయలు వేసి, పైన సెలరీ ఉప్పు చల్లుతారు. పులుపూ ఘాటూ అన్నీ పైనుంచే వస్తాయి.

ఆవఘాటును మసాలాలో వేసి నిప్పుల మీద పెడితే అది వేడికి ఎగిరిపోతుంది. ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినవారికి ఆవపిండి గుణం చెప్పనవసరం లేదు. పొడిగా ఉన్నంతసేపు దానికి ఘాటు ఉండదు, తడి తగిలాకే అది మేల్కొంటుంది. రెండు చెంచాల ఆవపిండిని చల్లటి నీళ్లతో ముద్దచేసి పది నిమిషాలు ఆగండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు చెమర్చేంత ఘాటు పుట్టాక ఒక చెంచా వెనిగర్, చిటికెడు ఉప్పు, కొద్దిగా తేనె కలపండి. వెనిగర్ ముందే వేస్తే ఘాటు సరిగా పుట్టదు, వేడినీళ్లు పోస్తే అసలే పుట్టదు. పిల్లలకు ఇందులో రెండింతలు వెన్న కలిపి బన్నుకు రాయండి, ఘాటు నెమ్మదిస్తుంది, వాసన ఉంటుంది.

కృష్ణలంక ఆడపడుచు:

మీరందరూ చెప్పినవి దగ్గర పెట్టుకుని నిన్న సాయంత్రం మళ్లీ చేశాను. బ్యాడిగ మిరప్పొడి వేసిన పది నిమిషాలకు నూనె నిజంగానే కుంకుమ రంగులోకి వచ్చింది. కాచంపులి ఈసారి దొరకలేదు, వెనిగరే వాడాను. మొదటి రెండు సాసేజ్‌లకు గాటు పడబోయి మధ్యలో తెగిపోయాయి, మూడోదానికి చెయ్యి కుదిరింది.

తడి అద్ది నిప్పుల మీద పెట్టిన నాలుగో నిమిషానికి చుట్ల అంచులు ఒక్కొక్కటే గోధుమరంగు తిరిగి పైకి లేచాయి. చివర్లో బెల్లం పూత పూసినప్పుడు చుయ్యిమని నురగ కట్టి, తిప్పేలోపే మెరుపు పట్టింది. ఈసారి ఏ కొరుకులోనూ చప్పదనం లేదు, ఎందుకంటే ప్రతి కొరుకులోనూ మసాలా పట్టిన అంచు తగిలింది. మా అబ్బాయి రెండు తిన్నాడు. మా వారు ఆవ ముద్ద వెన్న కలపకుండానే రాసుకుని, ఆవకాయ కలిపిన రోజు వాసన వస్తోందని అన్నారు.

ఒక్క లోటు మిగిలింది. ఖారా బన్నులో పచ్చిమిర్చి చిన్నవాడికి కారమైంది. పుట్టినరోజుకు పిల్లలకు పాల బన్నులు, పెద్దలకు ఖారా బన్నులు విడివిడిగా చెప్పి పెడతాను. 30 సాసేజ్‌లను ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, ఉదయం గాట్లు పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి మసాలా పట్టించి, అయిదింటికి నిప్పు రాజేస్తాను. ఈలోగా కాచంపులి సీసా కోసం ఫ్రేజర్ టౌన్ వైపు ఒకసారి వెళ్లి వస్తాను.