పడవ చట్రానికి ఎల్లో పైన్ పనికివస్తుందా?

ప్రశ్న: చెన్నైలో ఉంటున్నాను. ముట్టుకాడు ఉప్పుటేటిలో తిప్పుకోవడానికి 16 అడుగుల చెక్క పడవ కట్టాలని ఉంది. కలప అడితిలో అమెరికా నుంచి వచ్చిన సదరన్ ఎల్లో పైన్ టేకు కన్నా చౌకగా దొరుకుతోంది. లోపలి చట్రానికి దానిని వాడవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: వాడవచ్చునండీ, కానీ ఆ పేరుతో అమ్మేది ఒకే చెట్టు కలప కాదు. లాంగ్‌లీఫ్, షార్ట్‌లీఫ్, లాబ్‌లోలీ, స్లాష్ పైన్‌లన్నీ దాని కిందికే వస్తాయి. లాంగ్‌లీఫ్ ఎండాక ఘనమీటరుకు సుమారు 650 కిలోలు, అంటే దాదాపు టేకంత, తూగుతుంది. బంక నిండిన దాని చేవను అక్కడ ఓడల అడుగుదూలాలకూ పలకలకూ వాడేవారు. తోటల్లో త్వరగా పెరిగిన చెట్లలో మాత్రం చేవ తక్కువ, తడికి కుళ్ళే తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే బయటి కలప) ఎక్కువ కనుక, వార్షిక వలయాలు దగ్గరదగ్గరగా ఉండి, ముడులు లేని బద్దలనే ఏరుకోండి. అడితివారు విసుక్కున్నా సరే.

జవాబు 2: ఆవిరి పట్టి వంచే సన్నని వంపుకర్రలకు ఇది వద్దండీ, విరుగుతుంది. ఆకారానికి కోసి అతికే చట్రానికీ, నిడుపాటి పట్టీలకూ సరిపోతుంది. నేనైతే వంపుల వరకు మన నల్లతుమ్మనే తీసుకుంటాను.

ప్రశ్నించినవారు: అడితిలో, కుళ్ళకుండా రాగి లవణాలతో శుద్ధి చేసినదే ఉందంటున్నారండీ.

జవాబు 1: తెల్లచెక్కకు ఆ శుద్ధి బాగా ఇంకుతుంది. అయితే రాగి మామూలు ఇనుప మేకులను తినేస్తుంది కాబట్టి 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. ఎపాక్సీ (నీరు పట్టకుండా పూసే గట్టి జిగురు) పూసే ముందు కలపను పూర్తిగా ఆరనివ్వండి.