‘నాబట్ట’లో బట్ట ఏంది?

తాడిపత్రి: అప్పు ఎగ్గొట్టినోడు వీధిలో కనబడితే మా అవ్వ ‘మాటకు నిలవని నాబట్టకు...’ అని ఒక సామెత ఎత్తుకునేది. రెండో ముక్క ఎంతకీ గుర్తు రావడం లేదు, వడ్డీ అనో వాకిలి అనో ఏదో ఉండాలి. ఎవరికన్నా తెలుసా?

ప్రొద్దుటూరు: సామెత సంగతి తర్వాత. నాబట్ట అంటే ‘నా పట్టి’. కావ్యాల్లో పట్టి అంటే బిడ్డే కదా, ఇప్పటికీ ముద్దులపట్టి అంటాం. కోస్తావాళ్ళు ‘దొంగ నా కొడుకు’ అంటే మనం ‘దొంగ నా బట్ట’ అంటాం. ఇంకేం కావాలి?

ఆదోని: వ్యాకరణం కావాలన్నా. ‘నా’ మీద ద్రుతం, అంటే చివర నకారం, యాడుంది, ప పోయి బ రావడానికి? నా కొడుకు ‘నా గొడుకు’ అయిందా? పైగా నాబట్టగాడు అంటాం, కొడుకుగాడు అని ఎవరంటారు? అది ఒకే మాట, విడగొట్టకూడదు.

ప్రొద్దుటూరు: జనం తిట్టేటప్పుడు చిన్నయసూరి పర్మిషన్ తీసుకోరు సామీ.

కదిరి: భట్టు నుంచి వచ్చిందని మా తెలుగు సారు అనేవారు. పూటకొక దొరను పొగిడేవాడని. మన నోట్లో భ ఎటూ బ అవుతుంది.

కమలాపురం: అందులోకి కులాలను లాగొద్దు. అయినా మన సీమలో భట్టు తిట్టెట్లా అవుతుంది? వసుచరిత్ర రాసిన రామరాజభూషణుణ్ణి భట్టుమూర్తి అనే కదా పిలుచుకున్నాం.

కదిరి: వసుచరిత్రలో ఒక్క శ్లేష విప్పేలోపు తెల్లారుతుంది. పెద్దన పద్యం అట్లా కాదు, చదివితే నోట్లోనే ఉండిపోతుంది.

కమలాపురం: పెద్దన మావాడు! ‘కోకట గ్రామాద్యనేకాగ్రహారంబు లడిగిన సీమలయందు నిచ్చె’ అన్నాడే, ఆ కోకటం మా పక్కనే. అదే పద్యంలో రాయలు ఏనుగును ఆపి ‘కేలూత’ ఇచ్చి ఎక్కించుకున్నాడంటాడు చూడు. చేయి అందించాడు అని రాసుంటే ఆ గౌరవం వచ్చేదా?

తాడిపత్రి: అన్నా, నా సామెత...

నందికొట్కూరు: ఇంతకీ మా రోళ్ళపాడు బట్టమేక పిట్టలో ఉన్నది ఈ బట్టేనా?

ఆదోని: పిట్టకు మేక పేరెందుకొచ్చిందో ముందు అది తేల్చక్కా, బట్ట తర్వాత.

ప్రొద్దుటూరు: ఇంకొకటి వినండి. అరవంలో పట్టిమాడు అంటే కట్టుకొయ్య లేక ఊరిమీద తిరిగే పశువు. మలయాళంలో పట్టి అంటే కుక్క.

ఆదోని: అంటే నీ బిడ్డ కాస్తా కుక్క అయింది. నీ సాక్షి నావైపే చెప్తున్నాడు కదన్నా!

ప్రొద్దుటూరు: కుక్కే అనుకో. మరి ముందు ఆ ‘నా’ ఎందుకొచ్చింది? ఎదుటోణ్ణి కుక్కా అని తిట్టేటప్పుడు ‘నా కుక్కా’ అని ఎవడంటాడు? దానికి చెప్పు జవాబు.