డస్టర్ 340ని నల్లగొండకు తెప్పించుకునుడు పిచ్చి పనా?

ఉల్టాచూడీ (నల్లగొండ):

ముందే చెప్తున్న, డస్టర్ అంటే రెనో డస్టర్ కాదు. మా వాడకట్టుల ఎవరికి చెప్పినా "డీజిలా, పెట్రోలా, ఎన్నో మోడల్?" అని అడుగుతున్నరు. నేననేది 1970 ప్లిమత్ డస్టర్ 340, అమెరికా బండి. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, 5.6 లీటర్ల ఇంజన్ (క్యూబిక్ అంగుళాలల్ల 340, పేర్ల ఉన్నది అదే), కంపెనీ లెక్కల 275 హార్స్‌పవర్.

1997ల కాంట్రాక్టు ఉద్యోగం మీద డెట్రాయిట్ దిక్కు పోయిన. 1999ల ఇప్సిలాంటిల ఒక ముసలాయన గ్యారేజీల ఈ బండి కనవడ్డది. నేరేడుపండు రంగు. ఎనుక సుడిగాలికి కండ్లు పెట్టిన బొమ్మ, అది కంపెనీ అంటిచ్చిందే. 4,200 డాలర్లు చెప్పిండు. డిక్కీల చాప లేపి చూస్తే కింద సిమెంటు నేల కనవడ్డది. అక్కడ చలికాలం మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు జల్లుతరు, ఆ ఉప్పు బండిని కింది నుంచి తినుకుంట వస్తది. "బొక్క ఉంటే మంచిదే, నీళ్ళు నిలవవు" అన్నడు ముసలాయన. కొన్న. ఇంట్ల ఆమెకు 2,500 అని చెప్పిన. ఆమె ఇది చదవది.

కొన్న వారానికి టైర్లు మార్పిద్దామని షాపుకు తీస్కపోయిన. ఆడ పనిచేసే పోరడు గాలి గన్ను పెట్టి ఎడమ దిక్కు నట్టు విప్పుతున్నడు. ఎంత విప్పితే అంత బిగుస్తున్నది. నేను అద్దం అవతల కుర్సీల కూసోని చూస్తున్న. చూస్తుంటే మా నాయిన యాదికొచ్చిండు. నాయిన ఫార్గో లారీ నడిపేది, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు. సెలవులల్ల నేను ఎంటపోతుంటి. పంచరైతే జాకీ పాన నాదే. "ఎడమ దిక్కు ఉల్టా చూడీ రా, బిగిచ్చినట్టు తిప్పితేనే ఊడ్తది" అనేటోడు. చూడీ అంటే నట్టు మర. చక్రం తిరుగుడుకు నట్టు తనంతట తాను వదులు కాకుండ అట్ల పెట్టిండ్రట.

లోపలికి ఉరికి, "ఆపు, అటు తిప్పు" అన్న. ఆ పోరడు నా మొకం చూసిండు, తర్వాత బోల్టు కొస చూసిండు. తుప్పు గీకితే దాని మీద 'ఎల్' అని అచ్చు ఉన్నది. అటు తిప్పంగనే టక్కున ఊడొచ్చింది. అప్పటికే ఒక బోల్టు ఇరగ్గొట్టిండు గాని నాలుగు దక్కినయి. ఫార్గో క్రైస్లర్ అనే అమెరికా కంపెనీదే, ప్లిమత్ గూడ క్రైస్లర్‌దే. ఇంటికొచ్చినంక చదివి తెలుసుకున్న, కార్లకు 70 మోడల్ దాక ఎడమ చక్రాలకు ఉల్టా చూడీ పెట్టి 71ల మానేసిండ్రట.

పదేండ్లు నడిపిన. లీటరుకు ఐదు కిలోమీటర్లు రాకపోతుండె. ఎండాకాలం నల్ల రెగ్జీన్ సీటుకు వీపు అతుక్కునేది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత బండ్ల జాతర లెక్క అయితది, 1995ల మొదలైంది, గంటకు నాలుగు మైళ్ళు కూడ కదలం. ఒకసారి ఆడ నడిరోడ్డు మీద సచ్చింది. తాళం తిప్పితే ఇంజన్ లేస్తది, తాళం ఇడిస్తే ఆగుతది. మళ్ళ తిప్పు, మళ్ళ లేస్తది, మళ్ళ ఆగుతది. పక్క బండాయన దిగొచ్చి, ఏమడగకుండ తన జేబుల నుంచి తెల్ల పింగాణి ముక్క తీసి ఇచ్చిండు. బ్యాలస్ట్ రెసిస్టర్, ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే కరెంటు తగ్గించేది. రెండు వైర్లు పీకి పెట్టుడే పని. క్రైస్లర్ బండ్లోళ్ళు దాన్ని జేబుల ఏస్కొనే తిరుగుతరు.

2009ల ఉద్యోగం పోయింది, బండి అమ్మిన. 2014ల ఇంటికొచ్చిన. నాయిన ఆ కారు ఫోటోలనే చూసిండు, కండ్లతోని చూడలే. ఇప్పుడు నాకు 56. ఒకటి తెప్పించుకుంటే? పిచ్చి అంటే పిచ్చి అనుండ్రి, ఏం అనుకోను.

---

కాయితాలసారు (హైదరాబాద్, సొంతూరు దేవరకొండ):

పిచ్చో కాదో మీ ఇంట్ల ఆమె చెప్తది అన్నా, నేను కాయితాల సంగతే చెప్త. ఇదివరకు 1950కి ముందటి బండ్లనే తెచ్చుకోనిస్తుండె. 2025ల మార్చిండ్రు, తయారై 50 ఏండ్లు దాటితే చాలు. మీది దాటింది. గాని సుంకాలు, జీఎస్టీ కలిపితే బండి ధర రెట్టింపు దాటుతది. ఓడ కిరాయి దాని మీద.

రిజిస్ట్రేషన్ 2021ల వచ్చిన వింటేజ్ రూల్స్ కింద. నంబర్ల 'వీఏ' అక్షరాలు ఉంటయి. ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లు నడుస్తది, తర్వాత 5,000. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చి ఉండొద్దు. ఎడమ దిక్కు స్టీరింగు బండికి సిగ్నల్ పరికరం పనిచేస్తుండాలె, మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్.

అన్నిటికన్న ముఖ్యం, రోజూ తిప్పనియ్యరు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోసుకోనీకి, రిపేరుకు, అంతే. మనుమలను ఎక్కించుకోని సాగర్ డ్యాం చూపిస్తనంటే అది ర్యాలీ కాదు.

---

బైపాస్ బుల్లెట్ (సూర్యాపేట):

అంకుల్, ఇంత కష్టమెందుకు? ఫోర్డ్ మస్టాంగ్ 2016ల ఇండియాల అమ్మిండ్రు కదా, 65 లక్షలు. 5 లీటర్ల వీ8, కుడి దిక్కు స్టీరింగు, ఏసీ. సెకండ్స్‌ల దొరుకుతది. హైవే మీద దాని సౌండ్ ఒక్కసారి విన్న, ఇప్పటికి చెవుల ఉన్నది. మీ 275 హార్స్‌పవర్ దాని ముంగట ఏమూలకు.

---

ఉల్టాచూడీ:

తమ్మీ, మస్టాంగ్ మంచిదే, కాదనలే. ఆ 275ని గూడ నమ్మకు, అది ఇంజన్‌ను బల్ల మీద పెట్టి, ఫ్యాన్, సైలెన్సర్ లేకుండ కొలిచిన లెక్క. 72ల కొలిచే పద్ధతి మార్చిండ్రు, కంప్రెషన్ (సిలిండర్ల గాలి, పెట్రోలును ఎన్ని రెట్లు నొక్కుతదో ఆ లెక్క) 8.5కి దించిండ్రు, అదే 340 కాయితం మీద 240 అయ్యింది. తర్వాత 73ల అరబ్బులు నూనె ఆపిండ్రు, దానికి ముందే పొగ చట్టం, కుర్రోళ్ళకు ఇన్సూరెన్స్ రేట్లు. పదేండ్లు కూడ బతకలే ఆ పెద్ద ఇంజన్ బండ్ల కాలం.

గాని సౌండ్ గురించి అన్నవు చూడు, అది నిజం. ఇది సిగ్నల్ కాడ ఆగినప్పుడు సాఫ్‌గ ఆడది, కుంటుకుంట ఆడ్తది. స్టీరింగు మీద చేతులు వణుకుతయి. కొత్తదాంట్ల అట్ల ఉండది, ఉంటే నువ్వే షోరూముల కొట్లాడుతవు.

---

పాయింట్‌సెట్టు (మహబూబ్‌నగర్):

సార్, నాది జడ్చర్ల రోడ్డుల షెడ్డు, మా నాయిన పెట్టింది. 340ని నేను చూడలే, గాని కార్బొరేటర్ బండ్లు ఇప్పటికీ విప్పుతున్న కాబట్టి రెండు మాటలు.

పెట్రోలే మీకు పెద్ద లొల్లి. ఇప్పుడొచ్చేది ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు మెత్తగ జిగురు అయితయి, కార్బొరేటర్ల డయాఫ్రం ఉబ్బుతది. మొన్న ఒక అంబాసిడర్ వచ్చింది, ఆర్నెల్లు నిలవెట్టిండ్రట. ఫ్లోట్ గిన్నె విప్పితే లోపట తెల్లగ బూజు పట్టినట్టున్నది, చాకుతోని గీకిన. నిలవెట్టే బండికి ట్యాంకు ఖాళీ చెయ్యకపోతే ఇంతే. మీ బండికి పైపులన్ని మార్చాలె. 70 మోడల్ 340 కంప్రెషన్ పదిన్నర దాక ఉంటదంటరు, మామూలు పెట్రోలు పోస్తే మా ఎండలకు కొట్టుకుంటది. అప్పటి వాల్వు సీట్లు సీసం కలిపిన పెట్రోలుకు చేసినయి, ఇక్కడ సీసం 2000ల్నే ఆపేసిండ్రు. గట్టి సీట్లు ఏపియ్యాలె.

సామాన్లకు ఫికర్ లేదు. అదే ఇంజన్ జాతి 318, 360 లక్షల్ల తయారైనయి, అమెరికాల ప్రతి వాషర్ దొరుకుతదట. దొరకంది మన దగ్గర దాన్ని విప్పే చెయ్యి.

మీరు ఫార్గో అన్నరు కాబట్టి ఇంకోటి. మా షెడ్డుకు నాలుగు కిలోమీటర్ల దూరంల, మూతవడ్డ రైసుమిల్లు ఎనుక, యాపచెట్టు కింద ఒకటి ఉన్నది. డాలా లేదు, క్యాబిన్ ఉన్నది, బానెట్ కింద పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజన్ అట్లనే ఉన్నది. చక్రాలు మట్టిల సగం దిగినయి. మిల్లు సేటు తూకానికి అమ్ముదామని చూస్తున్నడు. నేను వద్దని ఆపుతున్న, ఎందుకో నాకే తెల్వదు.

---

ట్రాయ్‌ల ఉన్న పాలమూరోణ్ణి:

అన్నా, నేను మిషిగన్లనే ఉంట. వుడ్‌వర్డ్ ఇంకా అట్లనే జామ్ అయితది, పోయిన ఏడు రెండు గంటలు ఒక బ్యూక్ ఎనుక పొగ మింగిన. ఆగస్టుల రాండ్రి, మా ఇంట్ల ఉండొచ్చు. తెలిసినాయన దగ్గర 72 డస్టర్ ఉన్నది, 318 ఇంజన్ది. ఒకరోజు ఇస్తడు. సుంకం లేదు, వీఏ లేదు.

---

ఉల్టాచూడీ:

కాయితాలసారూ, మీ మాట చదివినంక మా ఇంట్ల ఆమెకు చెప్పిన. సుంకం లెక్క చెప్పంగనే నవ్వింది. 2,500 అని నేను చెప్పిన మాట ఆమె 1999లనే నమ్మలేదట, బ్యాంకు కాయితం చూసిందట. ఇరవై ఆరేండ్లు నోరు ఇప్పలే.

డస్టర్ తెప్పిచ్చుడు బందు. ట్రాయ్ తమ్మీ, ఆగస్టుకు వస్త, 318 అయితే ఏమాయె. ఆ 72కు ఉల్టా చూడీ ఉండది, టైరు షాపోళ్ళకు భయం లేదు.

పాయింట్‌సెట్టు అన్నా, ఒక మాట అడుగుత. ఆ లారీ క్యాబిన్ల డ్రైవర్ సీటు కింద టూల్ డబ్బా ఉన్నదా? మా నాయిన లారీకి ఆ డబ్బా మూత లోపట సున్నంతోని లెక్కలు రాస్తుండె, బస్తాలు, డీజిలు. ఇది అదే లారీ అని అంటలేను, అదెప్పుడో 80లల్ల అమ్మేసిండు, ఎటు పోయిందో. కాయితాలసారు చెప్పిన వింటేజ్ రూలు సొంత బండ్లకేనట, లారీకి నంబరు రాదు. రాకపోతే రాకపాయె.

సేటును ఈ ఒక్క వారం ఆపుండ్రి. ఆదివారం పొద్దున బయలెల్లి వస్త. జాకీ, నాలుగడుగుల పైపు, కిరోసిన్ సీసా నేను తెస్త. ఎడమ దిక్కు నట్లు మాత్రం ఎవరినీ ముట్టనియ్యకుండ్రి, నేనే విప్పుత.