సమస్య: తనయుఁ డయ్యె ముసలి తండ్రి పడుచు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పాదం, దీన్ని కలుపుకుని మిగతా మూడు పాదాలూ మీరే రాసి పద్యం పూర్తి చేయాలి. అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులో, గురువు-లఘువో) కాబట్టి రెండో పాదంగానైనా నాలుగో పాదంగానైనా వాడుకోవచ్చు. వేద పురాణాల రాజులు, ఋషుల కథల్లోంచే పూరించాలి. శుక్రుడి శాపంతో ముసలివాడై కొడుకు పూరుడి యౌవనం అడిగి పుచ్చుకున్న యయాతి అందరికీ ముందు తడతాడని తెలుసు. తట్టనివ్వండి, కానీ అందరూ అక్కడే ఆగిపోవద్దు.

వరంగల్ తమ్ముడు: యయాతితోనే బోణీ చేస్తున్నా. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

శుక్రు శాపమునకు సోలి యయాతియుఁ
బూరు నడిగెఁ గాదె పొంగు వయసు
నిచ్చి పుచ్చుకొనిన యీ వింత బేరాన
తనయుఁ డయ్యె ముసలి తండ్రి పడుచు

నలుగురన్నలు కాదన్న సంగతి కూడా ఇరికిద్దామని ముందు "పెద్దకొడుకు యదువు నడిగిన నొల్లఁడు" అని ఎత్తుకున్నా. యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం పొత్తు) కుదరక వదిలేశా.

బందరు మాస్టారు: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. చిక్కల్లా "బేరాన" దగ్గరే. అది ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని పక్కన "తనయుఁడు" వస్తే "దనయుఁడు" కావాలి, అప్పుడు ఇచ్చిన సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. "యీ వింత చూడుఁడు" అనండి, గొడవ వదిలిపోతుంది. వదిలేసిన పాదం మాత్రం పారేయకండి. "పెద్దకొడుకు యదువు పెడమొగ మిడె నఁట" అంటే పె-పె యతి కుదిరింది, యదువు మొహం కూడా కనిపించింది.

నిర్వాహకుడు: కాదన్న నలుగురికీ తలా ఒక శాపం తగిలింది. యదువు సంతానానికి రాజ్యార్హత పోయింది. తుర్వసుడు మ్లేచ్ఛులకు రాజయ్యాడు. ద్రుహ్యుడికి పడవలు తప్ప దారి లేని చోటు దక్కింది. అందరిలోకీ నాకు జాలి కలిగేది అనువు మీద. వాడి పిల్లలు యౌవనం రాగానే పోతారన్నాడు తండ్రి. అడిగింది యౌవనం, కొట్టిన దెబ్బా యౌవనం మీదే! అన్నట్టు ఈ అయిదు పేర్లూ ఋగ్వేదంలో ఒకే మంత్రంలో (1.108.8) వరసగా వస్తాయి. అక్కడ అన్నదమ్ములన్న మాట లేదు, అయిదు జనాల పేర్లు, అంతే.

డాలస్ అక్కయ్య: నాకు యయాతి వద్దు. పాదాన్ని రెండో చోట పెట్టి విరిచాను.

పుట్ట పెరుగఁ దపముఁ బూని భృగుమహర్షి
తనయుఁ డయ్యె ముసలి, తండ్రి పడుచు
నప్పగించె నతని కాగ్రహ ముడుగంగ
నశ్వినులిడి రతని కా వయస్సు

వరంగల్ తమ్ముడు: అక్కయ్యా, ఆ తండ్రి ఎవరి తండ్రి? భృగువా?

డాలస్ అక్కయ్య: కాదు తమ్ముడూ, సుకన్య తండ్రి శర్యాతి. "పడుచు" అంటే ఇక్కడ పిల్ల. భృగువు కొడుకు చ్యవనుడు తపస్సులో ఉండగా పైన పుట్ట పెరిగింది, పుట్టలో మెరుస్తున్నవి ఆయన కళ్లని తెలియక సుకన్య ముల్లుతో పొడిచింది. చ్యవనుడికి కోపం వచ్చి శర్యాతి సైన్యానికి మలమూత్రాలు బిగబట్టేశాడు. రాజు గత్యంతరం లేక పిల్లనిచ్చాడు, తర్వాత దేవవైద్యులు అశ్వినులు ముసలాయనకు యౌవనం ఇచ్చారు. ఇది భారత కథ. వేద గ్రంథమైన శతపథ బ్రాహ్మణంలో పుట్టా లేదు, ముల్లూ లేదు. శర్యాతుడి పరివారంలో కుర్రాళ్లు ముసలాయన మీద మట్టిబెడ్డలు విసిరారు, అంతే.

బందరు మాస్టారు: విరుపు అదిరింది. తండ్రీ కొడుకులు ఒకే ఇంటివాళ్లని పాఠకుడు అనుకుంటూ ఉండగానే మామగారు వచ్చి కూర్చున్నాడు. నాలుగో పాదం మాత్రం నీరసించింది తల్లీ. మూడులో "నతని కాగ్రహము", నాలుగులో మళ్లీ "రతని కా". యతికి ఒకే మాటను రెండుసార్లు ఊతగా వాడారు. పైగా "ఆ వయస్సు" అంటే ఏ వయస్సు? ఇలా చూడండి:

నశ్వినుల కృపఁ గనె నంద మతఁడు

డాలస్ అక్కయ్య: అందం దగ్గర ఆపేస్తే యౌవనం సంగతి జారిపోదూ? సరే, ఆ ఊతపదం కంటే ఇదే నయం. మార్చుకున్నాను.

బందరు మాస్టారు: నా వంతు. శాపం, బేరం అందరూ చెప్పేవే. వెయ్యేళ్లు అనుభవించాక యయాతి ఏమన్నాడో అది పద్యంలోకి రావాలనిపించింది.

కోర్కె తీర దెపుడుఁ గుడిచిన కొలదియు
నేతి చుక్క పడిన నిప్పు వోలె
ననుచుఁ దెలియు వఱకె యా వేయి వర్షాలు
తనయుఁ డయ్యె ముసలి తండ్రి పడుచు

వరంగల్ తమ్ముడు: "వఱకె" ఒక్క మాటతో గడువు పెట్టేశారు మాస్టారూ! నా పద్యంలో కొడుకు ఎప్పటికీ ముసలాడిగానే ఉండిపోయాడు.

హైదరాబాదు లాయరు: ఆలస్యంగా వచ్చాను. నాది భీష్ముడి తండ్రి శంతనుడి కేసు.

దాశకన్యఁ గోరి తండ్రి కృశింపంగ
బ్రహ్మచర్య మూనె భరతకులుఁడు
పెండ్లికొడుకు తండ్రి, పెండ్లి కొడుకు కేది!
తనయుఁ డయ్యె ముసలి తండ్రి పడుచు

బందరు మాస్టారు: మూడో పాదం చదివి గట్టిగా నవ్వాను. అడ్డుప్రశ్న ఒకటే. దేవవ్రతుడు, అంటే భీష్ముడు, ఆనాడు ముసలివాడు కాడే! కురుక్షేత్రంలో ముసలివాడయ్యే నాటికి శంతనుడు పోయి ఎన్నాళ్లో అయింది.

హైదరాబాదు లాయరు: ఒళ్లు ముడతలు పడితేనే ముసలితనమా మాస్టారూ? పెళ్లి, పిల్లలు, రాజ్యం అన్నీ ఒక్క మాటతో వదులుకున్నవాడికి ఇంక మిగిలిన వయసేది? తమాషా ఏమిటంటే, శంతనుడు చేత్తో తాకితే ముసలివాళ్లు మళ్లీ పడుచువాళ్లయ్యేవారని ఆదిపర్వమే చెబుతుంది.

వరంగల్ తమ్ముడు: పూరుడి వంశంవాణ్ణి "భరతకులుఁడు" అనొచ్చా?

నిర్వాహకుడు: భారత కథలో భరతుడు పూరుడి వంశంలో పుట్టినవాడే కాబట్టి అనొచ్చు. ఋగ్వేదానికి వెళ్తే మాత్రం జాగ్రత్త. ఏడో మండలం పద్దెనిమిదో సూక్తంలో భరతుల రాజు సుదాసుడు పరుష్ణి నది, అంటే నేటి రావి, ఒడ్డున గెలిచిన యుద్ధం ఉంది. అక్కడ భరతులది ఒక పక్క, పూరువులది శత్రుపక్షం.

ఇక తీర్పు. విరుపులో అక్కయ్యగారిని కొట్టేవాళ్లు లేరు. పద్యం నడకలో మాస్టారిదే పైచేయి. నా ఓటు మాత్రం లాయరుగారికే. యయాతి నోరు తెరిచి అడిగాడు, కాదన్నవాళ్లను తిట్టాడు, చివరికి కొడుకు వయసు కొడుక్కిచ్చి రాజ్యం కూడా కట్టబెట్టాడు. శంతనుడు నోరు విప్పి అడగనైనా లేదు, కొడుకే ముసలి మంత్రి నోట విని వెళ్లి ప్రతిజ్ఞ చేసొచ్చాడు. తండ్రి బదులుగా ఇచ్చింది కోరుకున్నప్పుడు చచ్చిపోయే వరం. వయసు తిరిగి రాలేదు. ఒకే వంశంలో రెండో తండ్రి మర్యాదస్తుడిలా కనిపిస్తాడు గానీ, పూరుడి నష్టానికి గడువుంది, భీష్ముడి నష్టానికి లేదు. మాస్టారి అభ్యంతరం వ్యాకరణానికైతే ఒప్పుకునేవాణ్ణి, వయసు లెక్కకు ఒప్పుకోను.

బందరు మాస్టారు: అప్పీలుకు వెళ్తాను.

నిర్వాహకుడు: వెళ్లండి, ఈలోగా వచ్చే వారం పాదం ఇదుగో. ఇదీ ఆటవెలదే, చ్యవనుడి మనవడి దాకా వెళ్తే కథ దొరుకుతుంది:

సగము చచ్చి మగఁడు సతిని నిలిపె